చిటికెనవేలంత పన్ను

మస్కట్ల, దార్సైట్ గుట్ట మీద
కొసాకరికున్నది మా అర్బాబ్ ఇల్లు.
గోడకు నిచ్చెన ఏసినట్టు
నిలవడి ఉంటది అక్కడి రోడ్డు.

పదకొండేండ్లు డీసీఎం నడిపినోణ్ణి.
క్లచ్చు లేని బండ్ల
ఎడమకాలు ఏం జెయ్యాల్నో తెల్వక
మడిచి సీటుకింద వెట్టుకున్న.
బండి ఆపుడు గూడ ఒక సదువేనా అని
నవ్విన.

ఒక పగటీలి ఆ నవ్వు వోయింది.
బ్రేకు తొక్కిన, పీ ల ఏసిన, దిగిన.
వెనక సీట్ల అర్బాబ్ తల్లి షమ్సా బీబీ,
ఒళ్లె ఖర్జూరాల డబ్బా.
బండి జానెడు జారి
టక్కుమని ఆగింది.
ఆమెకు తెల్వనే లేదు.
నాకు మోకాళ్లల్ల తెలిసింది.

పక్కింటి డ్రైవరు లింబాద్రన్న,
మెట్‌పల్లి దిక్కాయన,
కోపం జెయ్యలే. చిటికెనవేలు సూపిండు.
"గేరుపెట్టెల గింతంత పన్ను ఉంటది.
పీ అంటే గదే.
రెండు టన్నుల బండిని దానికి యాలాడేసి
నువ్వు చాయ్ తాగవోతవు."

నన్ను మల్ల సీట్ల కూసోవెట్టిండు.
"కాలు బ్రేకు మీదనే ఉండనియ్యి.
ఎన్ లకు తే.
చేతిబ్రేకు గుంజు,
బాయిలకెల్లి నిండు బొక్కెన గుంజినట్టు.
ఇగ కాలు వదులు, మెల్లగ.
బండి తన బరువు తాను దించుకోనియ్యి.
కూసున్నదా?
గిప్పుడు పీ.
దిగుడు మొకాన ఆపితే టైరు గట్టుదిక్కు తిప్పు.
జారితే గట్టుకు తాకాలె,
మనిషికి గాదు."

అయినా మనసు వట్టలే.
వాదీలకెల్లి ఒక నల్లరాయి తెచ్చి
రోజూ టైరుకింద వెట్టెటోణ్ణి.
"బండికి దిండా?" అని అర్బాబ్ నవ్విండు.
తల్లి నవ్వలే.
నాలుగు నెలలకు రాయి డిక్కీలకెక్కింది.
ఇంకా అండ్లనే ఉన్నది.

మొన్న లింబాద్రన్నకు వీసా ఖతమైంది.
ఎయిర్‌పోర్టుకు నేనే తోల్కపోయిన.
తొవ్వంత ఆయన ఇంటి ముచ్చటే జెప్పలే,
ముందు బండికి ఎంత ఎడం ఉండాల్నో జెప్పిండు.

పార్కింగుల నేల పళ్లెం లెక్క సాపుగున్నది.
గిక్కడ ఎందుకని చెయ్యి
సక్కగ పీ దిక్కు వోవట్టింది.
ఆయన దగ్గిండు.

"ఎత్తు మీద అందరికీ యాదుంటది తమ్మీ."

మల్ల మొదటికెల్లి జేసిన.
ఎన్. చేతిబ్రేకు. కాలు వదులుడు. పీ.
ఆయన దిగి పక్కకు నిలవడ్డడు.
నా మొకం సూడలే,
టైరు సూసిండు, శానసేపు.

గోరంత గూడ కదల్లే బండి.
అప్పుడు బ్యాగు అందుకున్నడు.