ఖాళీ దెబ్బలు

దేవరకొండ రోడ్డుమీద మా కట్టెల అడ్డకు
చెక్కపెట్టెల మిషినొచ్చింది.
మేకులు పీకిన సప్పుడుకు
తుమ్మమొద్దుల సందులకెళ్ళి తొండలు ఉరికినయి.

రెండు చక్రాలు, ఒక ఇరుసు, దూలమంత ఇనుము,
కొసకు ఉలి లెక్క ఒక్కటే పన్ను.
బోల్టులు లెక్కవెట్టి గోనెసంచి మీద పరిచిన.
కాయితం సదివేది నేను,
పానా తిప్పేది ఖాజామియా.
అన్నీ బిగిసినంక ఒక వాషర్ మిగిలింది.
ఎక్కడిదో ఇద్దరికీ ఎరుకలేదు.
కొంగున ముడేసుకున్న.

నూనె లేకుంట నడుపొద్దని ఎర్ర అక్షరాలు.
పదిహేను లీటర్లు,
ఒక పెండ్లికి నేనేసే వంటకట్టె పైసలు,
గటగట తాగి ఇంకా నోరు తెరిచే ఉన్నది.

బుగ్గయ్య దూరంగ కూసున్నడు,
పిడి అరిగిన గొడ్డలి మోకాళ్ళ మీద.
పొద్దుగాల్నుంచి మాట లేదు, బీడీ లేదు.

స్టార్టయింది.
ముందుగాల కట్టె పెట్టొద్దంట.
పన్ను ఉత్తగనే పోవాలె, ఉత్తగనే రావాలె,
లోపలి గాలి పోయేదాక.
ఒకటి. రెండు. మూడు.
"గాలిని నరుకుతుందా?" బుగ్గయ్య నవ్విండు,
"కొత్తల నేను గూడ గంతే."

లేసొచ్చి చింతమొద్దు ఒకటి దొర్లించిండు,
మూడు గొడ్డళ్ళను మింగిన ముడిది.
పన్ను ఆగింది, మూలిగింది.
"అట్ల గాదు బిడ్డా, ఈనె ఇటున్నది."
అర తిప్పు తిప్పిండంతే,
పట్టుమని రెండయింది.

లోపలి ఎరుపు మీద అరచెయ్యి ఆనిచ్చి
సల్లగున్నదన్నడు.
శానాసేపు చెయ్యి తియ్యలే.

"రేపు ఎన్నింటికి రావాలె?" అడిగిండు,
నన్ను గాదు, మిషిను దిక్కు సూసి.
నా వేళ్ళు కొంగు ముడి మీదికి పోయినయి.