కొక్కెం ఆగిన చోట

శుక్రవారం పొద్దువాలి
కొబ్బరాకుల సందుల్లోని ఎండ
మా అరుగు ఆఖరి మెట్టు దిగుతుంటే
అమ్మ లేసులో గవ్వని సగంలో ఆపేసేది.
ఇంకో రెండు చెయిన్లేగా, పూర్తిచెయ్యొచ్చుగా అంటే
"అలా అనుకుంటే తెల్లారిపోద్ది" అనేది.
కొక్కేన్ని దారంలో అలాగే గుచ్చి
పౌడరు డబ్బాలో పెట్టి మూత బిగించేది,
లోపల పిట్టేదో నిద్రపోతున్నట్టు.

అమ్మ దినం సాయంత్రంతో మొదలు.
నాన్నది కోడికూతతో.
అమ్మది శనివారం గుడి, మొగల్తూరు కాలవ అవతల రేకుల షెడ్డు.
నాన్నది ఆదివారం గుడి, తాతల నాటి గంట.
మధ్యలో నేను
రెండు రోజులూ బిగించి జడ వేయించుకున్నదాన్ని.

"మీ దేవుడు అలిసిపోయిందెప్పుడే దీవెనమ్మా,
నిన్నా, రేపా?" అని వీధి నవ్వేది.
పక్కింటి పేరంటాలమ్మ మాత్రం నవ్వేది కాదు.
ఆవిడకీ శనివారమే, వెంకన్న పేరన ఒంటిపూట.
ఇద్దరూ గోడకి అటొకరూ ఇటొకరూ కూచుని
పనిలేని చేతులతో కబుర్లాడుకునేవారు.

యూదుల ఇళ్ళల్లో ఆ సాయంత్రం
రెండు కొవ్వొత్తులు వెలిగించి
దినాన్ని పెళ్ళికూతుర్లా లోపలికి పిలుస్తారని
పాస్టరుగారు చెప్పారట.
మా ఇంట్లో కొవ్వొత్తులు కరెంటు పోతేనే.
అమ్మకి ఉన్నదల్లా ముందురోజే దించిన బొచ్చె చేప పులుసు.
మర్నాటికి ముక్కకి పులుపు పట్టేది.
నాకు తెలిసినంతలో
ఆ ఆజ్ఞకి ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు.

లేసు ఏజెంటు తాతాజీగారు కావాలనే శనివారం వచ్చేవాడు.
"ఒక్క లెక్కేనమ్మా, ఆయ్, చేత్తో అందుకోవడమేగా."
అందుకునేది కాదు.
డజనుకి రెండు రూపాయలు కోసేసి
సోమవారం ఇచ్చేవాడు.

ముసురు పట్టిన ఓ శుక్రవారం, రాత్రి రెండింటికి
కరెంటు పోయింది.
జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
కౌలు చెరువులో తొంభై రోజుల రొయ్య
ఊపిరి కోసం పైకి తేలి
మీసాలతో చీకటిని తడుముతోంది.
నాన్న అమ్మని పిలవలేదు.
పిలవకూడదని ఆయనకి తెలుసు.
ఒక్కడే తెడ్డుతో నీళ్ళు కొడుతుంటే
ఆ చప్పుడు మంచం దాకా వస్తోంది.

అమ్మ మోకాళ్ళ మీంచి లేచింది.
చీర ఎగ్గట్టి, పెద్ద పళ్ళెం తీసుకుంది.
పొలుసు లేనిదాన్ని ముట్టదు అమ్మ.
రొయ్య ఏనాడూ మా కుండలోకి రాలేదు.
తను తినని ప్రాణం కోసం
నడుంలోతు బురదనీళ్ళలో దిగి
చెరువుని కొడుతూనే ఉంది, తెల్లారేదాకా.
గట్టు మీద లాంతరు పట్టుకుని
"విశ్రాంతి దినం కదే అమ్మా" అన్నాను.
"ఊపిరాడనిదానికి విశ్రాంతేవిటే" అంది రొప్పుతూ.

సగం బతికింది.
సగం తెల్లగా ఒడ్డుకి కొట్టుకొచ్చింది.
అద్భుతమని ఎవరూ అనలేదు.
కొనేవాడు ధర తగ్గించాడు.

శనివారం పొద్దుగూకింది.
డబ్బా తీస్తుందనుకున్నా. తియ్యలేదు.
ఆదివారం నాన్న వెనకాలే నడిచి
గంట ఉన్న గుడిలో, ఆఖరి వరసలో
బొబ్బల అరచేతులు పైకి పెట్టుకుని కూచుంది.
ఇదేంటే అని కళ్ళతో అడిగాడు నాన్న.
"బాకీ" అంది.
ప్రసంగం సగంలో నిద్రపోయింది.
ఆడవాళ్ళ వైపుకి తలతిప్పి చూస్తూనే ఉన్నాడు నాన్న,
ఎవరైనా లేపుతారేమోనని.

సోమవారం మూత తీస్తే
తెల్లదారంలో కొక్కెం ఆగిన చోట
పెసరగింజంత తుప్పు మరక.
ఆ పువ్వు ఒద్దన్నాడు తాతాజీ.
ఇప్పటికీ మా టీవీ మీద పరిచి ఉంది,
గవ్వ ఒకటి తక్కువతో.