పుల్ల పడేదాకా

లైబ్రరీ వాళ్ళిచ్చిన ఉచిత పాసు
ఒక్క రోజుకే.
అందుకే శనివారం పొద్దున్నే
ఇడ్లీలు డబ్బాలో సర్ది
చూడాల్సినవాటికి వరస నంబర్లు వేసి ఫోన్లో రాసుకుని
అద్దాల మీది మంచు గీకి బయల్దేరాం,
నేను, ఏడేళ్ళ కృతిన్, నాలుగున్నరేళ్ళ మేదిని.

కొలంబస్‌లో జనవరి.
సయోటో నది మీద పల్చగా గాజు పొర.
"కింద చేపలకి చలెయ్యదా?" అంది మేదిని.
"లోపల చెప్తార్లే, పద" అన్నాను.

ఒకటో నంబరు: గ్రహాలు.
వాడికి గ్రహాలక్కర్లేదు.
బాత్రూంలో చేతులారబెట్టే యంత్రం కావాలి.
చెయ్యి పెడితే ఊదుతుంది, తీస్తే ఊరుకుంటుంది.
"నేనొచ్చానని దానికెలా తెలిసింది?"
పదకొండుసార్లు తడిపి పదకొండుసార్లు ఆరబెట్టి
చొక్కా చేతులు మోచేతుల దాకా నానబెట్టుకున్నాడు.
రెండో నంబరు: ఇంటంత ఎముకల గూడు.
ఈవిడ చూపంతా
దాని పాదం పక్కన ఎవరో పారేసుకున్న ఎర్ర గుండీ మీద.
మూడు, నాలుగు, ఐదు...
జాబితాని నేను ముందుకి లాగుతుంటే
నన్ను వాళ్ళు వెనక్కి.

మెట్లు దిగే చోట
మూడంతస్తుల ఎత్తు నుంచి తీగకి వేలాడుతూ
ఇత్తడి గుండు.
అటు.
ఇటు.
చుట్టూ వలయంలా నిలబెట్టిన చిన్న చిన్న పుల్లలు.

లోలకం!
ఏలూరు బళ్ళో ల్యాబు తాళం
ఎప్పుడూ హెడ్మాస్టరు గారి జేబులోనే ఉండేది.
రికార్డు పుస్తకంలో నేను రాసిన అంకెలన్నీ
పై క్లాసు అక్కల నుంచి దించినవి.
వాళ్ళెవరి నుంచి దించారో.
డోలనాలు ఇరవై, మార్కులు పదికి పది,
దారం కట్టిన రాయినైనా ఊపి చూడలేదు.

ఆ బాకీ తీరుద్దామనేమో
బోర్డు దగ్గరికెళ్ళి గొంతు సవరించుకున్నాను.
"చూడండర్రా, గుండు తన దారి మార్చుకోదు.
కింద నేలే తిరుగుతోంది.
నేలతో పాటు పుల్లలూ, మనమూ, ఈ మేడా..."

టక్.

"పడింది! పడింది!"
ఇద్దరూ గంతులేస్తున్నారు.
నేను తలెత్తేసరికి
పుల్ల పడుకుని ఉంది.

నీలం కోటు పెద్దాయన, పేరు చీటీ మీద డెల్బర్ట్,
"ఇంకోటి పడాలంటే పది నిమిషాలు" అన్నాడు
నాకేసి జాలిగా చూసి.
నా వేళ్ళు మళ్ళీ బోర్డు మీదికి పోతుంటే
మేదిని కొంగు లాగినట్టు నా కోటు లాగింది.
"అమ్మా, చదవకు. చూడు."

ఫోను సంచిలో పడేసి నేల మీద కూలబడ్డాను.
గుండు వచ్చింది, పుల్లని దాటి పోయింది.
మళ్ళీ వచ్చింది, వెంట్రుకవాసి.
మళ్ళీ. పుల్ల వణికింది.
పడలేదు.
పుట్టాక మొదటిసారి
మేదిని కదలకుండా కూర్చుంది.

"రాత్రి తలుపులేశాక కూడా ఊగుతుందా?" వాడి ప్రశ్న.
"ఊగుతుంది బాబూ. పొద్దున నేనొచ్చేసరికి
చాలా పుల్లలు పడుంటాయి. మళ్ళీ నిలబెడతాను."
కృతిన్ కాసేపు ఆలోచించాడు.
"అంటే భూమి ఆగలేదని
రోజూ అందరికన్నా ముందు మీకే తెలుస్తుందా?"
ఇన్నేళ్ళ ఉద్యోగంలో
అలా ఎవరూ అడగలేదు కాబోలు,
డెల్బర్ట్ టోపీ తీసి తల గోక్కున్నాడు.

టక్.

ఈసారి అందరికన్నా గట్టిగా అరిచింది నేను.
మెట్ల మీద జనం ఆగి చూశారు.
చూడనీ.

జాబితాలో తొమ్మిది నంబర్లు మిగిలిపోయాయి.
ఇంట్లో కుర్చీ కింద
బూటు లేసుకి కట్టిన చెంచా ఊగుతోంది,
చుట్టూ నిలబెట్టిన రంగు పెన్సిళ్ళు
చెంచా తాకకుండానే పడుతున్నాయి.
వాడు విసుక్కోకుండా నిలబెడుతున్నాడు.

దీపం తీసేశాక చీకట్లోంచి మేదిని:
"చేపల సంగతి ఎవరూ చెప్పలేదు."

నోటిదాకా ఏదో సమాధానం వచ్చింది,
సగం తెలిసిందీ, సగం దించిందీ.
మింగేశాను.

"నాకూ తెలీదే.
రేపు నది దగ్గరికెళ్ళి చూద్దామా?"