నీలం వచ్చేదాకా

మే నెల మొదటి వారం.
కొండల మీంచి మంచు మెట్టు మెట్టుగా
ట్రెవెలిన్ ఊళ్ళోకి దిగుతోంది.
పొద్దుట్నించీ నా ఫోను మోగుతూనే ఉంది.
"సుల్మా, మా హీటరు అంటుకోవడం లేదు."
"సుల్మా, కాస్త ఇటొచ్చి చూసిపో."
చలి వేశాకే గుర్తొస్తాను అందరికీ.

ఓవిడియో ప్రిచర్డ్ మాత్రం పిలవలేదు.
గ్యాసు కంపెనీ తనిఖీ కాగితం ఉంది గనక నేనే వెళ్ళాను.
గొర్రెల ఆసామి, డెబ్భై రెండేళ్ళ మొండిఘటం,
చేతిలో అగ్గిపెట్టెతోనే తలుపు తీశాడు.
"ముందు అదిలా ఇవ్వండి."
"నలభై ఏళ్ళుగా నేనే వెలిగిస్తున్నాను."
"నలభై ఏళ్ళుగా అదృష్టం వెలిగిస్తోంది."
ఇచ్చాడు.

మొదట కిటికీ తెరిచాను.
కవాటం మూసి, మోకాళ్ళ మీద కూర్చుని
ఊరికే వాసన చూశాను.
గ్యాసు కంపు నయం,
చెప్పులు టకటకలాడిస్తూ వచ్చే దొంగ అది.
రంగూ వాసనా లేనిది ఇంకోటుంది,
ఇంటిమనిషిలా వచ్చి
పక్కనే పడుకుంటుంది.

గిన్నెల సబ్బు, నీళ్ళు, పాత బ్రష్షు.
అతుకు అతుక్కీ నురగ పూసి కాచుకున్నాను.
బుడగ లేవలేదు.
"గొట్టానికి గడ్డం గీస్తున్నావా?" అన్నాడు వెనకనించి.

ఇక కవాటం తిప్పి, బొత్తాం నొక్కి పట్టుకోవాలి.
పైలట్ మంట చిటికెనవేలి గోరంత.
దాని ముందున్న రాగి పుల్ల వేడెక్కి
ఉన్నానని చెప్పేదాకా వేలు తియ్యకూడదు.
ముప్పై అంకెలు.
ఆయన్నే లెక్కపెట్టమన్నాను.
నాయనమ్మ భాషలో మొదలెట్టాడు,
వేల్స్ నించి ఓడెక్కి వచ్చిన అంకెలు,
ఇన్, దై, త్రీ...
పద్దెనిమిది దగ్గర తడబడి స్పానిష్‌లోకి దిగిపోయాడు.
ముప్పైకి వదిలాను. నిలిచింది.

పెద్ద మంట వేశాను.
పసుపు.
గాలికి వాలే గోధుమ వెన్నులా
మెత్తగా, బద్ధకంగా, పసుపు.
"చూశావా ఎంత బాగుందో!" అన్నాడు.
మంట అందంగా ఉంటే నాకు గుండె జారుతుంది.
అగ్గిపుల్ల గీసి, ఆర్పి, పొగగొట్టం మూతి దగ్గర పట్టాను.
పొగ పైకి పోవాలి.
నా మొహం మీదికొచ్చింది.

ఆర్పేశాను.
నిచ్చెన. ఇంటికప్పు. చెవులు కోసే గాలి.
గొట్టం టోపీ విప్పితే లోపల
కందిరీగలు వదిలేసి పోయిన గూడు,
పొరలు పొరలుగా బూడిదరంగు కాగితం,
అడుగంతా మాడి నల్లగా.
రెండు చేతులా లాగాల్సొచ్చింది.

దిగొచ్చి చూద్దును కదా,
గోడలో, నేల దగ్గర, గాలి రావాల్సిన జాలీలో
ఎర్ర ఊలు మేజోడు కుక్కి ఉంది.
"మా అక్క ఒల్వెన్ పెట్టింది.
గాలి ఈల వేస్తుంటే నిద్ర పట్టేది కాదు దానికి.
అయినా ఏం లాభం, తలనొప్పి పోలేదు.
చలికాలమంతా తలనొప్పీ వాంతులూ.
ఆరేళ్ళు చూసి రాసన్ వెళ్ళిపోయింది, సముద్రం ఒడ్డుకి.
దిగిన వారానికే తగ్గిపోయిందిట!
నాతో వేగలేక అల్లిన నొప్పి అన్నాను.
మొహం మీదే అన్నాను."

నేనేమీ మాట్లాడలేదు.
మేజోడు ఆయన చేతిలో పెట్టాను.
చాలాసేపటికి అడిగాడు,
"మరి నాకెందుకు రాలేదు?"
"మీరు పగలంతా గొర్రెల దగ్గర," అన్నాను.
"ఆవిడ ఇంట్లో."

మళ్ళీ బొత్తాం. మళ్ళీ ముప్పై.
ఈసారి లోపల్లోపలే లెక్కపెట్టాడు,
పెదాలు మాత్రం కదిలాయి.
మంట వచ్చింది,
పొట్టిగా, గరుగ్గా, నీలంగా,
చూడ్డానికేమీ బాగోదు.
పుల్ల పొగ గొట్టంలోకి సర్రున పోయింది.

అలారం తెచ్చి బిగిస్తానని చెప్పి
కాగితం మీద సంతకం పెట్టించుకున్నాను.
జాలీలో గాలి ఈల వేస్తోంది.
మేజోడు చేతిలో అలాగే ఉంది.
"రాసన్‌కి ఫోను కోడ్ ఎంత?"
చెప్పాను.
రాసుకోలేదు.
మళ్ళీ అడిగాడు.