కిటికీ పక్కన డబ్బా

ప్రెస్ట్‌విచ్‌లో వాన పడుతున్నట్టుండదు,
వచ్చి నిలబడ్డట్టుంటుంది.
ఆ శుక్రవారం మధ్యాహ్నం
పై గదిలోంచి మెట్లు దిగి
హిండా గారి వంటింటి గుమ్మంలో
నేనూ అలాగే నిలబడ్డాను.

ఏజెన్సీ రెండు నెలలుగా జీతం వెయ్యలేదు.
ఊళ్ళో సగం ముసలివాళ్ళకి స్నానాలు చేయించిన చేతులు
ఒక తలుపు కొట్టడానికి సిగ్గుపడ్డాయి.
గదిలో కూర్చి పెట్టుకున్న వాక్యం
మూడో మెట్టు మీదే విరిగిపోయింది.

"తలుపు వెయ్యి, చలి వస్తోంది" అంది.
పొయ్యిలోంచి జడలల్లిన రొట్టెలు రెండు తీసి బల్ల మీద పెట్టింది.
ఎనభై రెండేళ్ళు. కీళ్ళవాతం
వేళ్ళని ఒక్కొక్కదాన్ని ఒక్కో దిక్కుకి తిప్పేసింది.
ధారాళంగా ఇచ్చేవాళ్ళని
చేతికి ఎముక లేదంటాం మనం.
ఈమె చేతికి ఎముకలు తప్ప ఇంకేం లేవు.

నేనేమీ అడగలేదు.
ఆమే డ్రాయరు లాగి కవరు తీసింది,
వీధిలో ఆరుగురు ఆడవాళ్ళు నడిపే చేబదులు నిధి అట.
వడ్డీ లేదు. గడువు "నీకు కుదిరినప్పుడు."
"త్వరగా లెక్కపెట్టుకో,
పొద్దు గూకితే డబ్బు ముట్టను."

మీరు దానం చేస్తున్నారు, నేనెలా... అని నసిగాను.
కళ్ళజోడు పైనుంచి చూసింది.
"దానమా? మా మాటకి అర్థం అది కాదు.
న్యాయం. నీది కొంచెం
నా దగ్గర ఉండిపోయింది, అంతే."

మా వైపు రైలు పెట్టెల్లో చెయ్యి చాపేవాళ్ళు
దానం చెయ్యండి అనరు,
ధర్మం చెయ్యండి బాబూ అంటారు.
చిన్నప్పట్నుంచీ వింటున్న మాట.
అర్థం చెప్పడానికి
మాంచెస్టర్ అవతల ఒక యూదు ముసలమ్మ కావలసి వచ్చింది.

"మా నాన్న లీడ్స్‌లో కోట్లు కుట్టేవాడు" అంది, రొట్టెల మీద గుడ్డ కప్పుతూ.
"ఎవరైనా చెయ్యి చాపి వస్తే
తలుపు తీసేముందు అద్దంలో మొహం చూసుకునేవాడు.
మా అమ్మ తిట్టేది, పెళ్ళివారొచ్చారా అని.
మొహం మాడ్చుకుని ఇస్తే
ఇచ్చింది సగం ఆవిరైపోతుందనేవాడు.
ఒక ఏడాది మా ఇంట్లో బొగ్గుల్లేవు.
అప్పుడూ అద్దం చూసుకునేవాడు."

లేద్దామనుకున్నాను.
ఆమె కిటికీ పక్క మేకుకున్న రేకు డబ్బా తీసింది.
నీలం రంగు పెచ్చులూడి
మూత దగ్గర తుప్పు.
శుక్రవారాలు దీపాలకి ముందు
దీని చప్పుడే నా గదిలోకి వినిపించేది,
టంగు, టంగు,
ఆ తర్వాత ఇల్లంతా నిశ్శబ్దం.

ఆ డబ్బా నా ముందు ఆడించి
"ఇప్పుడు నువ్వు వెయ్యి" అంది.

నేనా?

"నువ్వే. తీసుకునేవాళ్ళు కూడా వెయ్యాలి.
మా చట్టం అది. నాది కాదు, మోమాటపడకు."

కోటు జేబులో బస్సు టికెట్టు,
ఎవరి మూతో తుడిచిన కాగితం రుమాలు,
ఏడు మూలల ఇరవై పెన్సుల బిళ్ళ ఒకటి.
వేశాను.
అంత చిన్న చప్పుడుకి
వెన్ను నిటారుగా ఎందుకయిందో తెలీదు.
హిండా గారు మాత్రం
నేనేదో భవంతి రాసిచ్చినట్టు
పళ్ళు లేని చోటు కూడా కనపడేలా నవ్వింది.
తర్వాత వెంటనే
"బూట్లతో నేలంతా తడిపావు చూడు" అని కసిరి
రొట్టె చివర తుంచి చేతిలో పెట్టింది.

పైకి వెళ్తుంటే కింద అగ్గిపుల్ల గీసిన చప్పుడు.

మెట్ల మలుపులో ఎవరో వదిలేసిన
పగుళ్ళ అద్దం ఉంది.
ఆగి మొహం చూసుకున్నాను,
ఎవరైనా నా తలుపు కొడితే
పనికొస్తుందా లేదా అని.