మళ్ళీ మొదటికి

వూచ్ నగరం. నాలుగో అంతస్తు.
టేప్‌రికార్డర్ హెడ్డుని
స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పేవాడు లూత్సియన్.
ఆరు నిమిషాలు కీచుమని ఏడ్చి ఏడ్చి
ఆట ఎక్కేది.
ఈలోగా కింద ట్రామ్ పోయిందా,
మళ్ళీ మొదటికి.

అంత పడిగాపులకీ దొరికేది
ఓ నలుపలకల గుహ, మూడు ప్రాణాలు,
ముక్కూ మొహం లేని ఆకుపచ్చ మనిషి.
మొహం మేమే గీసుకునేవాళ్ళం.
నాకు వాడు సైన్యంలోకెళ్ళిన మా అన్నలా ఉండేవాడు.
లూత్సియన్‌కి ఎలా ఉండేవాడో
అడగనే లేదు.

ఇప్పుడు మా అన్న కొడుకు తిమోన్ ఆటలో
గుర్రం కనురెప్ప మీద మంచు కరుగుతుంది.
చస్తే, పడిన పిల్లాణ్ణి లేపినట్టు
పదడుగుల వెనక లేపి నిలబెడతారు.
"చావుకి విలువే లేదురా ఇందులో" అన్నాను.
"నీ ఆటలో బతుక్కి లేదు కదత్తా" అన్నాడు.

జవాబు తోచలేదు.
డబ్బులు పోసి కత్తి కొనడం మాత్రం
నాకు పడదు. అది ఆట కాదు, అంగడి.

వాడు నిద్రపోయాక
ఆ గుర్రాన్ని ఊరికే నడిపిస్తాను.
శత్రువులొస్తే తప్పుకుంటాను.
మంచు చూస్తాను.
కింద ట్రామ్ పోతుంది.
వేళ్ళు బిగుసుకుపోతాయి,
మళ్ళీ మొదటికేనేమోనని.