కాలమ్ నంబరు తొమ్మిది

ఏలూరు కాలువ గట్టున పడవల కంపెనీ మేడ.
పడవలు పోయి, కంపెనీ పోయి,
మేడ మాత్రం పేరు మార్చుకోలేదు.
గోడలో ఇంకా ఇనప కడియం.
సరుకు దిగేదాకా పడవని దానికే కట్టేసేవారట.
ఇప్పుడు ఎవరిదో స్కూటర్ గొలుసు.

నేను బెజవాడ కార్పొరేషన్‌లో టేపు పట్టుకునేవాణ్ణి,
కాంట్రాక్టు మనిషిని, మార్చి దాకా.
చేతిలో వారసత్వ కట్టడాల జాబితా ఫారం,
పద్నాలుగు కాలమ్‌లు, మూడు ప్రతులు.
అరుగు పొడవు రాశాను.
టేకు దూలాలు లెక్కపెట్టాను: ఇరవై రెండు,
అందులో ఒకటి చెదలకి మాటిచ్చేసింది.
గోడ మందం కొలుద్దామని కిటికీలో చెయ్యి పెడితే
మోచేతి దాకా చల్లగా తగిలింది.
ఆ చల్లదనానికి కాలమ్ లేదు.

మెట్ల పక్క సున్నం మీద వరద గీతలు,
బొగ్గుతో ఒకటి, మేకుతో ఒకటి,
నా భుజం ఎత్తున పసుపుతో ఒకటి.
ఎవరో ఇల్లాలు గీసుంటుంది
నీళ్లు తీసిన పొద్దున.

తొమ్మిదో కాలమ్: కట్టిన సంవత్సరం, ఆధారం.
తలెత్తి చూశాను.
పిట్టగోడ మీద, రెండు సున్నపు చిలకల మధ్య
ఉబ్బెత్తుగా ఉండాల్సిన అంకెలు లేవు.
రోజూ సైకిలు మీద పోతూ చూసినవే,
ఒక్కనాడూ చదివింది లేదు.
చిలకలున్నాయి. మధ్యన తెల్లటి దెబ్బ.
కింద చప్టా మీద
ఊడవడం మర్చిపోయిన పిండి.

ఓనరు కొత్తమాసు నాగలింగం గారు
మజ్జిగ ఇప్పించారు. అబద్ధమాడలేదు.
"మీ ముద్ర పడితే మేకు కొట్టాలన్నా అర్జీ పెట్టుకోవాలి.
వానొస్తే కారేది నా నెత్తిన,
మెచ్చుకునేది మీరు.
ముగ్గురన్నదమ్ముల వాటా బాబూ ఇది,
చిలకల్ని ఎలా పంచుకోమంటావ్?
ఉన్నవి రెండు."
మజ్జిగలో అల్లం ఘాటుగా ఉంది.
నా దగ్గర జవాబు లేదు, టేపు ఉంది.

కింది వరసలో పరుపుల కొట్టు, దూదేకుల పీరమ్మది.
కనుబొమల మీద దూది, మాటల మధ్య దగ్గు.
"సమచ్చరమా? నా పెళ్లి ఫొటోలో ఉంది" అని
దిండు కుట్టు విప్పి తీసింది,
డబ్బు దాచుకునే చోట నుంచి.
వంతెన మీద పెళ్లికొడుకు, పెళ్లికూతురు,
వెనక మేడ, పైన చిలకలు, మధ్య అంకెలు:
ఒకటి,
తొమ్మిది,
మూడో అంకెకి సరిగ్గా అడ్డం
మస్తాన్ గారి తలపాగా కుచ్చు,
ఏడు.
"అప్పుడే చెప్పా కుచ్చు దించుకోమని,
వింటేగా" అంది పీరమ్మ,
పందొమ్మిదేళ్ల కిందట పోయిన మనిషి మీద
ఇవాళ్టి కోపంతో.

సాయంత్రం దాకా అరుగు మీదే కూచున్నాను.
కొండ వెనక్కి జారుతూ పొద్దు
మేడ నుదుటికి ఏటవాలుగా తగిలింది.
ఉలి పట్టినవాడికి చీకట్లో చెయ్యి వణికిందో,
పాత మేస్త్రి గీసిన దారే దొరికిందో,
చెరపబోయి చెక్కి పోయాడు:
గాయంలో గుండ్రంగా నీడ.
సున్నా.
ఫోన్‌లో తీస్తే తెల్ల గోడే పడింది.
పది నిమిషాల్లో అదీ లేదు.

ఆధారం అన్నచోట ఏం రాయను?
తలపాగాకి కుడిపక్క ఒకటి,
ఎండ వాలినప్పుడు ఒకటి అనా?
అదే రాశాను, పెన్సిల్‌తో.
ఇంకు పోస్తారో రబ్బరు పెడతారో
పైవాళ్ల ఇష్టం.

"బోర్డు పెడితే నన్నుంచుతారా,
అద్దె పెంచుతారా?" అడిగింది పీరమ్మ.
పద్నాలుగు కాలమ్‌లూ మళ్లీ చదివాను.
"అందులో అద్దెకున్నోళ్ల ఊసు లేదమ్మా."
"ఉండదులే" అని
ఫొటోని దిండులో పెట్టి, దూది కుక్కి,
సూది నాకిచ్చింది దారం ఎక్కించమని.

ఎక్కించేలోగా స్కూటరతను వచ్చి గొలుసు విప్పుకున్నాడు.
కడియం గోడకి తగిలి
రెండుసార్లు ఊగింది
కాలువ వైపు.